తీగకు గుచ్చిన పాత కార్డులు: వీటిని కళగా చూడవచ్చా, చూస్తే ఎలా చూడాలి?

సత్యనారాయణపురం_వాసి

విజయవాడలో మా పెదనాన్నగారి పెంకుటింటిని అపార్టుమెంటుకు ఇస్తున్నందువల్ల సామాను సర్దుతున్నాం. వెనక గదిలో దూలానికి వేలాడుతున్న రెండు ఇనుప తీగలకు పోస్టుకార్డులు కిక్కిరిసి గుచ్చి ఉన్నాయి. అడుగున ఆరవ జార్జి రాజు తల బొమ్మ ఉన్న కార్డులు, అన్నిటికన్నా పైన పదిహేను పైసల పులి బొమ్మ కార్డులు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు నాలుగు చదివి, "క్షేమం, వానలు, కోతలు, సంబంధాలు, ఇంతకుమించి ఏముంది" అని పాత కాగితాల వాడికి వేసేద్దామన్నారు. తపాలా బిళ్లలు సేకరించే మిత్రుడొకరు వచ్చి, బాగా పాతవి కొన్ని పక్కకు తీసి, మధ్యలో చిల్లు పడింది కాబట్టి మిగిలినవాటికి విలువ లేదని చెప్పి వెళ్లారు.

నేను మొదట విషయం కోసమే చదివాను. తరువాత కన్ను అక్షరాల మీదనే ఆగడం మొదలుపెట్టింది. రేపల్లె నుంచి మా మేనత్తగారు రాసిన కార్డుల్లో పంక్తులన్నీ కుడివైపుకు కొద్దిగా పైకి లేస్తాయి, అయినా ఒక పంక్తిలోని కొమ్ము కింది పంక్తిలోని గుడిని ఎక్కడా తాకదు. బాపట్ల నుంచి వచ్చిన ఒక చేతిరాత అయితే కార్డు నిండిపోయాక అంచు వెంట తిరిగి, తలకిందులుగా మొదటి పంక్తి మీదికి వచ్చి, "ఉభయకుశలోపరి"కి పైన ఉన్న సందులో సంతకంతో ముగుస్తుంది. ఇలాంటివి చూసినప్పుడు నాకు కలిగే సంతోషం బంధుప్రేమ వల్ల కలిగేదేనా, లేక ఈ కార్డుల్లో బయటివాళ్లు కూడా చూడదగిన కళ నిజంగా ఉందా? ఉంటే దాన్ని చూసే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పాలని కోరుతున్నాను.

తపాలాబిళ్ల

మీ మిత్రుడి మాటలో కొంత న్యాయం ఉంది. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న పావు అణా ధరకు మొదలైంది. విక్టోరియా రాణి బొమ్మతో, "ఈస్ట్ ఇండియా పోస్ట్ కార్డ్" అనే శీర్షికతో లండన్‌లోని డి లా రూ సంస్థ వాటిని ముద్రించింది. అంతకు పదేళ్ల ముందే, 1869 అక్టోబరు 1న, ఆస్ట్రియా–హంగరీ ప్రపంచంలో మొదటి కార్డును అమ్మకానికి పెట్టింది. మా సేకరణలో చూసేది కార్డు ఏ ముద్రణకు చెందింది, ముద్రలు స్పష్టంగా పడ్డాయా, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఏ దారిన వెళ్లింది, అంచులు చెక్కుచెదరకుండా ఉన్నాయా అనే విషయాలే. తీగ చిల్లు వీటన్నిటికీ దెబ్బే. బెజవాడ అని పాత పేరు ఉన్న ముద్రలు, రైలు తపాలా ముద్రలు ఉంటే వాటిని మాత్రం వేరుగా దాచండి. చేతిరాత అందం మా లెక్కలోకి రాదు, అది మీ ఇంటి సంగతి.

చిత్రలేఖరి

తపాలాబిళ్ల గారు చెప్పినవన్నీ కార్డు చరిత్రకు పనికివచ్చేవి, కాదనను. అయితే అందాన్ని "మీ ఇంటి సంగతి" అని పక్కన పెట్టడాన్ని ఒప్పుకోలేను. గుంటూరులో చాలాకాలం బొమ్మలు నేర్పించినవాణ్ని కాబట్టి చూసే పద్ధతి గురించి నాకు తోచింది కొంచెం వివరంగా రాస్తాను.

మొదట కార్డును తలకిందులుగా పట్టుకొని చూడండి. తెలుగు చదవడం వచ్చినవాడి కన్ను అక్షరాన్ని చూడదు, అర్థం దగ్గరకు పరుగెత్తుతుంది. తలకిందులు చేస్తే ఆ పరుగు ఆగి నలుపూ తెలుపూ మాత్రమే మిగులుతాయి. అప్పుడు పంక్తుల మధ్య వదిలిన ఖాళీ ఎంత, ఆ ఖాళీ కార్డు పొడవునా ఒకేలా ఉందా, కిందికి వచ్చేకొద్దీ ఇరుకవుతూ ఉందా అనేది తెలుస్తుంది. కార్డు సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. రాసేవాడికి ఇంకో కాగితం జోడించే వీలు లేదు. చెప్పవలసినది ఎంతో మనసులో ముందే కొలుచుకున్నవాడి కార్డులో అక్షరం మొదటి నుంచి చివరిదాకా ఒకే పరిమాణంలో నడుస్తుంది. కొలుచుకోనివాడి కార్డులో పై సగం విశాలంగా, కింది సగం చీమల బారులా ఉంటుంది. రెండోదాన్ని నేను లోపంగా చూడను. మాట పెరిగి చోటు తరిగినప్పుడు చేయి ఎలా సర్దుకుందో అందులో కంటికి కనబడుతుంది.

తరువాత సిరాను చూడండి. సిరాబుడ్డిలో పాళీ ముంచి రాసిన కార్డయితే ముంచిన చోట అక్షరం చిక్కగా మొదలై కొన్ని మాటల తరువాత పలచబడి మళ్లీ చిక్కబడుతుంది. కార్డును చేయి చాచినంత దూరంలో పెట్టి చూస్తే ఆ చిక్కదనాలు ఒక లయలో కనిపిస్తాయి, రాసినవాడు ఎక్కడ ఆగి ఆలోచించాడో కూడా అక్కడే పట్టుకోవచ్చు. ఫౌంటెన్ పెన్ను వచ్చాక ఈ హెచ్చుతగ్గులు తగ్గాయి, పాళీ చీలిక విచ్చుకోవడం వల్ల వచ్చే లావు సన్నాలు మాత్రం నిలిచాయి. బాల్‌పెన్నుతో రాసిన కార్డులో అవి కూడా ఉండవు, కాని వెనకవైపు వేలితో తడిమి చూడండి, ఒత్తి రాసిన చోట అట్ట మీద గట్లు తగులుతాయి.

ఇక మీ బాపట్ల కార్డు. అంచు చుట్టూ తిరిగిన రాత వల్ల చదివేవాడు కార్డును చేతిలో తిప్పక తప్పదు. అంటే చూసేవాడి చేతులను కూడా ఆ కూర్పు కదిలిస్తోంది. గోడకు తగిలించిన బొమ్మ చేయలేని పని అది. మీ ప్రశ్నకు నా జవాబు: ఉంది, బయటివాళ్లు చూడదగినంత ఉంది.

గొలుసుకట్టు

చిత్రలేఖరి గారి మాటకు ఒక చేర్పు. ఆరవ జార్జి బొమ్మ కార్డులు కూడా ఉన్నాయంటున్నారు కాబట్టి వాటిలో కరణాల చేతిరాత తప్పక ఉంటుంది. కలం ఎత్తకుండా తలకట్టును తరువాతి అక్షరంలోకి లాగి, మాటకు మాట కలిపి రాసే గొలుసుకట్టు రాత అది. దస్తావేజులు, అడంగళ్లు (ఊరి భూముల లెక్కలు) రాసి రాసి అబ్బిన చేయి కావడంతో వేగంలోనే దాని అందం ఉంటుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయిన తరువాత ఆ రాతను కొత్తగా నేర్చుకోవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది, ఇప్పుడు చదవగలిగేవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. మీ కార్డుల్లో వలపల గిలక (ర్‌ను తెలిపే పాత గుర్తు), అరసున్న (ఁ), శకటరేఫ (ఱ) ఏ సంవత్సరం దాకా కనిపిస్తాయో, ఎవరి చేతిలో ముందుగా మాయమవుతాయో గమనించండి. ముఖ్యంగా వలపల గిలక. అక్షరం కుడి భుజం మీద చిన్న కొక్కెంలా నిలబడే ఆ గుర్తు పంక్తికి ఇచ్చే అందం, రేఫ కింద వత్తు పెట్టి రాసేటప్పుడు రాదు.

బ్రాడీపేట_వాణి

నాకు అభ్యంతరం ఉంది. కళ అనాలంటే చేసేవారి మనసులో ఆ ఉద్దేశం ఉండాలి. మీ మేనత్తగారు "పాడి గేదె ఈనింది" అని కబురు పంపడానికి కూర్చున్నారు గాని అందమైన పంక్తి గీయడానికి కాదు. ఉద్దేశం లేనిచోట కళను మనం అంటగడుతున్నాం. దాన్ని కార్డు మీద ప్రేమ అనండి, చరిత్ర అనండి, ఒప్పుకుంటాను.

చిత్రలేఖరి

వాణి గారూ, మన ఊళ్లలో వాకిట ముగ్గు వేసే ఏ ఇల్లాలూ తనను చిత్రకారిణి అనుకొని వేయదు, అయినా ముగ్గును కళ కాదని మీరు అనరు. పైగా ఉద్దేశం లేదని ఎలా చెప్పగలం? ఎడమవైపు అంగుళం వదిలి రాయడం, "శ్రీరామ" అన్నది సరిగ్గా నడుమన పెట్టడం, చివరి పంక్తి మధ్యలో తెగిపోకుండా సర్దడం, ఇవేవీ కబురు చేరడానికి అవసరమైనవి కావు. అవసరానికి మించి పెట్టిన శ్రద్ధ కార్డు మీద కనిపిస్తున్నప్పుడు ఉద్దేశం గురించి వేరే సాక్ష్యం అక్కరలేదని నా అభిప్రాయం.

బ్రాడీపేట_వాణి

ముగ్గు మాట సరే. అయితే ఇంకో చిక్కు ఉంది. మా అమ్మమ్మకు రాయడం రాదు. ఆమె పేరుతో వచ్చిన కార్డులన్నీ పక్కింటి బడిపిల్లవాడు రాసినవి. మాట ఆమెది, అక్షరం వాడిది. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం పైచిలుకు మాత్రమే కాబట్టి సత్యనారాయణపురం_వాసి గారి తీగ మీద కూడా ఇటువంటివి చాలా ఉండవచ్చు. చేతిరాతను మాత్రమే చూసి మెచ్చుకుంటే మా అమ్మమ్మ అందులో ఎక్కడ ఉంటుంది?

గొలుసుకట్టు

మంచి ప్రశ్న. చెప్పి రాయించిన కార్డుల్లో వాక్యం నడక వేరుగా ఉంటుంది. రాసేవాడు బడిలో నేర్చుకున్న "మీ క్షేమ సమాచారములు తెలియజేయగలరు" అనే ధోరణిలో మొదలుపెడతాడు. రెండు పంక్తులు దాటగానే చెప్పేవారి మాట అతని కలాన్ని దాటిపోయి, "ఒరే నువ్వు వేళకు తింటున్నావా" అని నేరుగా వచ్చి పడుతుంది. అక్షరం ఆ వేగానికి చాలక సాగుతుంది, కొట్టివేతలు వస్తాయి. మీ అమ్మమ్మగారు ఆ కొట్టివేతల్లో ఉంటారు. ఒకే కార్డులో ఇద్దరు మనుషులు కనిపించడం చిన్న విషయమేమీ కాదు.

బ్రాడీపేట_వాణి

ఇది నేను ఆలోచించనిది. మా పిన్ని దగ్గర ఉన్న కార్డులు ఈ దృష్టితో మళ్లీ చూస్తాను. ఉద్దేశం గురించి మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.

ఆర్ఎంఎస్_విశ్రాంత

అందరూ విషయం రాసిన వైపు గురించే మాట్లాడుతున్నారు. రైలు తపాలాలో ఉత్తరాలు వేరుచేస్తూ ఉద్యోగం గడిపినవాణ్ని కాబట్టి చిరునామా వైపు గురించి నేను చెప్పాలి. కదులుతున్న బండిలో, మసక దీపం కింద, ఒక్క చూపులో ఊరి పేరు అందకపోతే ఆ కార్డు తప్పు అరలోకి వెళ్లేది. అందుకని అనుభవం ఉన్నవాళ్లు ఊరి పేరును పెద్ద అక్షరాలతో విడిగా రాసి దాని కింద గీత గీసేవారు. మనిషి పేరు, "గారికి", వీధి, ఊరు, వయా ఫలానా, జిల్లా, ఇలా మెట్లు మెట్లుగా కుడివైపుకు దిగుతూ రాసే పద్ధతి ఎవరు నేర్పారో గాని తెలుగువాళ్లలో చాలామంది చేతిలో ఉండేది. 1972 ఆగస్టు 15న పిన్ కోడు వచ్చాక ఆ మెట్లకు అడుగున ఆరు అంకెల పీట అమరింది. విజయవాడ 520తోనూ గుంటూరు 522తోనూ మొదలవుతాయి.

ముద్రల గురించి కూడా చెప్పాలి. బయలుదేరిన చోట ఒకటి, చేరిన చోట ఒకటి పడేవి. ముద్ర కొట్టేవాడికి అక్షరాల మీద కోపం లేదు, వేళ మీద భయం ఉండేది, అందువల్ల అవి ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి. నీలి సిరా అక్షరాల మీద నల్లటి గుండ్రటి ముద్ర వంకరగా పడిన కార్డులను నేను పనిలో ఉండి కూడా ఆగి చూసిన సందర్భాలు ఉన్నాయి. రెండు ముద్రల తేదీలు పోల్చితే ప్రయాణానికి ఎన్ని రోజులు పట్టిందో తెలుస్తుంది.

తపాలాబిళ్ల

ఆర్ఎంఎస్ పెద్దలు చెప్పిన దానికి జోడింపు. విక్టోరియా రాణి కాలపు మొదటి కార్డుల మీద ఒకవైపు చిరునామా తప్ప ఇంకేమీ రాయకూడదని ముద్రించి ఉండేది. చిరునామా వైపు ఎడమ సగంలో కూడా విషయం రాసే వెసులుబాటు తరువాత వచ్చింది. మీ బాపట్ల బంధువుకు అంచులు తిరిగే చోటు దొరకడం వెనక ఆ నిబంధన మార్పు కూడా ఉంది.

కొత్తపేట_కుర్రాడు

మా తరానికి వీటిలో సగం అక్షరాలు చదవడమే కష్టం, అయినా ఈ చర్చ ఆపకుండా చదువుతున్నాను. ఒక సందేహం. బాపుగారి చేతిరాత కంప్యూటరు అక్షరాలుగా వచ్చి ఇప్పుడు పెళ్లి పత్రికల నుంచి కొట్ల బోర్డుల దాకా కనిపిస్తోంది కదా. సత్యనారాయణపురం_వాసి గారి మేనత్తగారి రాతను కూడా అలా ఒక ఫాంటుగా మార్చి దాచుకోవచ్చు కదా?

చిత్రలేఖరి

మార్చవచ్చు, మంచి పని కూడా. కాని కుర్రాడు గారూ, ఒక కార్డులో "క" అక్షరాలన్నీ వెతికి పక్కపక్కన పెట్టి చూడండి. పంక్తి మొదట్లో ఉన్న "క" తీరిగ్గా ఉంటుంది, చివర ఉన్నది అంచు చూసి ఒదిగి ఉంటుంది, పైన ఏత్వం ఉన్నది కొంచెం కిందికి జారుతుంది. ఫాంటులో ఏదో ఒక "క"ను ఎంచి మిగతావాటిని వదిలేయాలి. నేను కార్డును చూసేది ఆ మిగతావాటి కోసమే.

తుమ్మపూడి_దారి

ఈ విషయంలో మన గుంటూరు జిల్లాకే చెందిన సంజీవదేవ్ గారిని తలచుకోకుండా ఉండలేను. 1914లో పుట్టి 1999లో మరణించిన ఆయన తుమ్మపూడి అనే పల్లెలో ఉంటూ బొమ్మలు వేశారు, కళావిమర్శ రాశారు, దేశదేశాల కళాకారులతో స్నేహం చేశారు. ఆయన ఉత్తరాలను తెలుగు పాఠకులు సాహిత్యంగా చదివారు, అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఉత్తరం రాయడాన్ని కళగా చూడడం ఈ నేలకు కొత్త కాదని చెప్పడానికే ఈ మాట.

అయితే ఎవరి ఉత్తరాలైనా అచ్చులోకి ఎక్కినప్పుడు వాక్యం మిగిలి చేతిరాత పోతుంది. కొట్టివేత సవరణ అయిపోతుంది, అంచున తిప్పి రాసిన మాట తాజాకలంగా మారి అడుగుకు చేరుతుంది. పేరున్నవాళ్ల ఉత్తరాలకు కనీసం అచ్చు దొరికింది. పేరు లేనివాళ్ల విషయంలో చేతిలో ఉన్న ఆ కార్డు తప్ప మరో ప్రతి లేదు. చిల్లు పడిందని విలువ లేదనడం నాకు బాధ కలిగించింది. ఆ చిల్లు పెదనాన్నగారు ఉత్తరం చదివి, పారవేయకూడదని నిర్ణయించుకొని చేసినది.

తపాలాబిళ్ల

బాధ పెట్టడం నా ఉద్దేశం కాదు. బజారు విలువ గురించి మాత్రమే చెప్పాను. చిల్లును మీరు చూసిన తీరు బాగుంది, బజారు మాత్రం అలా చూడదు.

మిర్చి_మనవడు

వ్యాపారం కార్డుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా తాతగారిది గుంటూరులో కమీషన్ కొట్టు. రైతులకు, బయటి ఊళ్ల వర్తకులకు ధరలు తెలుపుతూ కార్డులు వెళ్లేవి, వాళ్ల నుంచి వచ్చేవి. వాటిలో "ఉభయకుశలోపరి" కూడా క్లుప్తంగా ఒక మాటలో ముగిసి వెంటనే సరుకు, బస్తాలు, ధర వస్తాయి. అందం వెతికేవాళ్లు వాటిని పక్కన పెడతారు గాని ఆ అంకెలను ఒకసారి చూడండి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు కార్డుల్లో రూపాయి పక్కన పావులకు నిలువు గీతలు, అణాలకు అడ్డగీతలు పెట్టేవారు. ఒక నిలువు గీత అంటే పావలా, రెండు అంటే అర్ధరూపాయి, మూడు అంటే ముప్పావలా. వాటి పక్కన అడ్డగీత ఒకటి ఉంటే అణా. గుమాస్తా చేతిలో ఆ గీతలు ఎంత సమంగా పడతాయంటే స్కేలు పెట్టి గీశారనిపిస్తుంది. డబ్బు వ్యవహారంలో ఒక గీత వంకరపోయినా తగాదా వస్తుంది కాబట్టి వచ్చిన నేర్పు అది.

గొలుసుకట్టు

మనవడు గారూ, ఆ గీతల కార్డు దొరికితే ఫొటో పెట్టండి. పావులకు నిలువు, వీసాలకు అడ్డం అనే ఆ పద్ధతిని చేతిరాతలో చూసే అవకాశం ఈ రోజుల్లో అరుదు. అన్నట్టు, అణా అంటే రూపాయిలో వీసం, అంటే పదహారో వంతు, అందుకే దానికి అడ్డగీత.

రేడియో_శ్రోత

మరో రకం కూడా ఉంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణికి శ్రోతలు రాసిన కార్డులు. మా ఇంట్లో అన్నదమ్ములందరూ రాసేవారు. వందల కార్డుల్లో తమ కార్డు చదివేవారి కంట్లో పడాలని ఎర్రసిరాతో పేరు రాయడం, అంచుల చుట్టూ లతలు గీయడం, కార్యక్రమం పేరును బొమ్మలా తీర్చడం అలవాటు. వాణి గారు ఉద్దేశం ఉండాలన్నారు కదా, అందంగా కనబడాలనే ఉద్దేశంతోనే రాసిన కార్డులు ఇవి. అయినా నా కంటికి వీటికన్నా మా నాయనమ్మ రాసిన మామూలు కార్డే బాగుంటుంది. అలంకారం ఎక్కువైన చోట రాత బిగుసుకుపోతుంది.

బ్రాడీపేట_వాణి

రేడియో_శ్రోత గారు నా మాటకు బలం చేకూరుస్తూ మొదలుపెట్టి చివరకు అవతలి పక్షంలో చేరిపోయారు. ఆ ఎర్రసిరా కార్డులను తక్కువ చేయకండి. పదిహేనేళ్ల పిల్ల తన పేరు రేడియోలో వినబడాలని గీసిన లతలో కూడా చూడవలసినది ఉంది.

కాగితం_కాపరి

అందం గురించి ఇంత మంచి మాటలు జరుగుతున్నప్పుడు కాగితం ప్రాణం గురించి కూడా అనుకోవాలి. గ్రంథాలయాల్లో పాత కాగితాలను కాపాడే పని చేస్తాను కాబట్టి అవసరమైనంత వరకు చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఆ తీగ. ఇనుము తుప్పు పట్టి చిల్లు చుట్టూ గోధుమరంగు వలయం వ్యాపిస్తుంది, అక్కడ అట్ట పెళుసుబారుతుంది. కార్డులను తీగ వెంబడి లాగకండి. తీగను పైకొక్కెం దగ్గర కత్తిరించి, ఒక్కొక్క కార్డును తుప్పు రాపిడి తగలకుండా జారవిడవాలి. చిల్లును పూడ్చే ప్రయత్నం చేయకండి, సెల్లోటేపు అసలే వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకుతుంది, తరువాత ఎవరూ తీయలేరు.

మా బంధువు ఒకరు ఇష్టంకొద్దీ తల్లి రాసిన కార్డులను ఫ్రేములు కట్టే కొట్టుకు ఇస్తే అక్కడ వేడి లామినేషన్ చేసి, అట్టకు జిగురుతో అంటించి ఇచ్చారు. చిరునామా వైపు శాశ్వతంగా కనబడకుండా పోయింది, వేడికి అట్ట వంగింది. ఫ్రేము కట్టించాలనుకుంటే జిగురు లేకుండా మూలలను మాత్రమే పట్టే కాగితపు తొడుగులతో కట్టించండి, రెండు వైపులా అద్దం ఉన్న ఫ్రేము అయితే ఆర్ఎంఎస్ గారి చిరునామా వైపు కూడా కనిపిస్తుంది. వెలుతురు 50 లక్సులకు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించకపోవడం కాగితం మీది సిరాకు మంచిది, అంటే కిటికీకి ఎదురు గోడ పనికిరాదు.

సిరాల్లో తేడా ఉంది. రాయల్ బ్లూ సిరా రంగు వెలుతురుకు వెలిసిపోతుంది, నీళ్లు తగిలితే కరిగిపోతుంది. బ్లూ బ్లాక్ సిరాల్లో ఇనుము ఉన్న రకాలు గాలి తగిలి నల్లబడి నీటికి కొంతవరకు నిలుస్తాయి, కాని ఎక్కువ కాలానికి కాగితాన్నే తింటాయి. పెన్సిలుతో రాసినట్టు కనిపించి తడి తగిలిన చోట ఊదారంగుకు మారినవి కాపీయింగ్ పెన్సిలు రాతలు, వాటిని తడి గుడ్డతో తుడవనే కూడదు.

సత్యనారాయణపురం_వాసి

నీళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్‌లో ఉండే మా చిన్నాన్నగారి ఇంట్లోని ఉత్తరాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఎండలో ఆరబెట్టి మూటగట్టారు, ఇప్పుడు పొరలు విడిపోవడం లేదు. వాటికి దారి ఉందా?

కాగితం_కాపరి

బలవంతంగా విడదీయకండి. ఎండిన మూటను విడదీయాలంటే తేమను కొద్దికొద్దిగా లోపలికి పంపి అట్టను మెత్తబరచాలి, అది చేయి తిరిగినవాళ్ల దగ్గర జరగవలసిన పని. ఇకముందు ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే, రెండు రోజుల్లోగా ఆరబెట్టే వీలు లేనప్పుడు తడి కాగితాలను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో ఉంచండి. బూజు ఆగుతుంది, తరువాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. ఎండలోనూ ఇస్త్రీ పెట్టెతోనూ ఆరబెట్టకూడదు, నీడలో అద్దుడు కాగితాల మధ్య ఆరాలి.

మిర్చి_మనవడు

ఒక సంగతి గమనించారా? మా ఇంట్లో ఇన్ని కార్డులున్నా చావు కబురు తెచ్చిన కార్డు ఒక్కటీ లేదు. చదవగానే చించి బయట పారవేసేవారు, ఇంట్లోకి కూడా తెచ్చేవారు కాదు. నాలుగు మూలలా పసుపు పూసిన శుభవార్తలు మాత్రం మిగిలాయి. తీగ మీద ఉన్నది జరిగినదంతా కాదు.

తుమ్మపూడి_దారి

అవును. ఆ పసుపు మరకలను కూడా కాగితం_కాపరి గారు శుభ్రం చేయమని చెప్పరని ఆశిస్తున్నాను.

కాగితం_కాపరి

చెప్పను. పసుపు, ముద్ర, చిల్లు, వేలి ముద్ర, అన్నీ ఉండాలి. మెత్తటి కుంచెతో పైదుమ్ము మాత్రం దులపండి.

బ్రాడీపేట_వాణి

నాకు ఇంకో సంకోచం ఉంది. వీటిని గోడకెక్కించి నలుగురికీ చూపిస్తే ఎవరి ఇంటి కష్టమో, ఎవరి కట్నం బాకీయో బయటపడుతుంది. చిత్రలేఖరి గారు అక్షరాన్ని చూడండి, అర్థాన్ని వదలండి అంటారు, చదవడం వచ్చినవాళ్లు వదలరు కదా.

ఆర్ఎంఎస్_విశ్రాంత

కార్డు అంటేనే తెరిచి ఉన్న ఉత్తరం, దారిలో ఎవరైనా చదవవచ్చని రాసేవారికి తెలుసు. గుట్టు కావాలనుకున్నవాళ్లకు కవరు ఉండేది, 1950లో ఇన్‌లాండ్ ఉత్తరం కూడా వచ్చింది. కార్డు మీద రాసేటప్పుడు "ఆ విషయం మామయ్య వచ్చినప్పుడు ముఖతా చెబుతాడు" అని ఆపేసేవారు. ఇంకా వివరం అవసరమయితే మీరు ఆ తీగ మీద ఇలాంటి వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూడండి.

బ్రాడీపేట_వాణి

డ్యూటీలో ఉన్నవాళ్లు దారిలో చదవడం వేరు, యాభై ఏళ్ల తరువాత మనం ప్రదర్శించడం వేరు. బతికి ఉన్నవాళ్ల పేర్లు ఉన్న కార్డులకు కనీసం ఆ ఇంటివాళ్లను అడగండి.

చిత్రలేఖరి

ఈ మాటలో వాణి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

సత్యనారాయణపురం_వాసి

అందరి సలహాలతో నిన్న తీగ కత్తిరించి ఒక పక్క నుంచి తీయడం మొదలుపెట్టాను. తలకిందులుగా పట్టుకొని చూడడం వల్ల ఒక విషయం తెలిసింది. రేపల్లె మేనత్తగారి పంక్తులు పైకి లేవడం 1962 తరువాతి కార్డుల్లోనే ఉంది. అంతకుముందు కార్డుల్లో పంక్తులు నేలబారుగా, పెన్సిలుతో గీత గీసి చెరిపిన ఆనవాళ్లతో ఉన్నాయి. అంటే మొదట్లో ఆమె గీతలు గీసుకొని రాసేవారు, తరువాత చేతి మీద నమ్మకం కుదిరి మానేశారు. వాణి గారూ, ఉద్దేశం ఉందా లేదా అన్న దానికి ఆ చెరిపిన గీతలను నా తరఫు సాక్ష్యంగా పెడుతున్నాను.

నా అసలు సందేహం ఇప్పుడు ఇది. రాసినవారిని బట్టి వేరు చేయాలా, తేదీలను బట్టి పేర్చాలా, లేక బాగున్నవి మాత్రమే ఎంచి ఆల్బమ్‌లో పెట్టాలా?

బ్రాడీపేట_వాణి

చెరిపిన గీతల సాక్ష్యం ఒప్పుకుంటున్నాను, ఆ ఒక్క చేతి విషయంలో.

చిత్రలేఖరి

నేనయితే రాసినవారిని బట్టి పెడతాను. ఒక చేయి ఏళ్ల తరబడి ఎలా మారిందో పక్కపక్కన చూస్తేనే తెలుస్తుంది, మీకు తెలిసినట్టుగా.

కాగితం_కాపరి

చూడడానికి అలా పెట్టుకోండి, దాచడానికి మాత్రం తీగ మీద ఉన్న వరుసనే ఉంచండి. పెదనాన్నగారు అందిన వరుసలో గుచ్చారు కాబట్టి, తేదీ వేయని కార్డులనూ ముద్ర చెరిగిన కార్డులనూ అటూ ఇటూ ఉన్నవాటిని బట్టి ఏ నెలవో చెప్పవచ్చు. ఒకసారి కలిపేస్తే ఆ ఆధారం పోతుంది. బాగున్నవి ఎంచి మిగతావి వదిలేయడం అసలు వద్దు. ముందు రెండు వైపులా స్కాన్ చేసి, తెర మీద చిత్రలేఖరి గారు చెప్పినట్టు రాసినవారిని బట్టి, తేదీలను బట్టి, ఎన్ని విధాలుగానైనా పేర్చుకోవచ్చు. పీవీసీ ఆల్బమ్‌లు కొనకండి, పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ తొడుగులు అడగండి.

సత్యనారాయణపురం_వాసి

వరుస సంఖ్యలు కార్డు మీదనే మెత్తటి పెన్సిలుతో వేయవచ్చా? చాలా కార్డుల్లో గోరంత ఖాళీ కూడా లేదు.

కాగితం_కాపరి

ఖాళీ లేనప్పుడు కార్డును ముట్టుకోకండి, సంఖ్యను తొడుగు మీద వేయండి. రెండు తీగలున్నాయి కాబట్టి మొదటి తీగకు అ, రెండో తీగకు ఆ అని ముందు పెట్టి, అడుగు నుంచి పైకి అంకెలు ఇవ్వండి. రెండో తీగ ఇంకా కత్తిరించకపోతే ముందుగా దాన్ని ఉన్నచోటనే నాలుగు పక్కల నుంచి ఫొటో తీసుకోండి.